మెల్లిగా కప్పిన శాలువా

ఈ కుర్చీలు గోడకు ఆనించి వేసి ఉంటే సరిపోయేది, వీపుకు గోడ ఉంటే ఆయనకు ఏమీ కాదు, ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా అలాగే కదా కూర్చుంటాడు, కానీ సన్మానం అన్నాక కుర్చీలు వేదిక నడుమనే వెయ్యాలి, వెనక మనుషులు తిరగడానికి చోటు వదలాలి, శాలువా వెనకనుంచే కప్పాలి, ముందునుంచి కప్పితే ఫోటోలో కప్పేవాళ్ళ వీపు పడుతుంది, అనుకుంటూ మైమూనా హిందూపురం కల్యాణ మంటపంలో రెండో వరుసలో కూర్చుని ఉంది, వేదిక మీద ఆమె భర్త జాకీర్, రిటైరైన హవల్దారు, ఇస్త్రీ చొక్కాకు పతకాలు పెట్టుకుని, చేతులు మోకాళ్ళ మీద బిగించి, మాజీ సైనికుల వరుసలో చివరి కుర్చీలో ఉన్నాడు, ఒక పక్కనైనా మనిషి లేకుండా ఉంటాడని ఆ కుర్చీ ఆయనే వెతుక్కున్నాడు, ఆ సంగతి తనకు, కూతురు అర్షియాకు తప్ప ఎవరికీ తెలియదు, తెలియకూడదు, ముఖ్యంగా పక్కన కూర్చున్న ఈ లాల్‌సాబ్‌కు తెలియకూడదు, ధర్మవరంలో మగ్గాలున్న మనిషి, ఆయన కొడుకు తౌఫీక్‌కే అర్షియాను ఇవ్వడం ఖాయమైంది, మా వియ్యంకునికి సన్మానమంట అని వీధంతా చెప్పుకుని పొద్దున బండికే దిగాడు, సూడు చెల్లెమ్మా, ఆ నిక్కడం సూడు, మా తౌఫీక్ గాడు పెండ్లిచూపులకు వచ్చిన పొద్దు గూడా కుర్చీలో జారగిలబడి కూర్చున్యాడు, మీ ఇంట్లో పడితేనన్నా వాని నడుము నిలబడుతుందేమో, అని ఆయన నవ్వుతుంటే తనూ నవ్వింది, నవ్వుతూనే లెక్క చూసుకుంది, ఇంకా ముగ్గురికి కప్పాలి, ఆ తరువాత ఆయనకు.

అర్షియా మాత్రం నవ్వలేదు, ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని నాయన వైపే చూస్తోంది, ఆ చెయ్యి, చిన్నప్పుడు ఆయన సెలవు మీద పెనుకొండకు వచ్చినప్పుడు అరుగు మీద కూర్చున్న నాయనకు వెనకనుంచి పోయి కళ్ళు మూసింది, ఎవరో చెప్పుకో నాయనా అని పూర్తిగా అననేలేదు, ఆయన విసురుకు పిల్ల గోడకు పోయి పడింది, ఆ చెయ్యి విరిగింది, ఆస్పత్రిలో మెట్ల మీదనుంచి పడిందని చెప్పింది తనే, అంత చిన్న పిల్ల కూడా మెట్లనే చెప్పింది, ఎవరూ నేర్పలేదు, ఆయన గేటు బయట నిలబడి లోపలికి రాలేదు, అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరు నడిచినా చప్పుడు చేస్తూ నడవాలి, గాజులు కదిలించాలి, చెంబు నేలకు తగిలించాలి, గడప దగ్గర దగ్గాలి, చుట్టాలు వస్తే ఏమ్మా నీకు ఆ దగ్గు పోనే పోదా అంటారు, పడిశం అంటుంది తను, ఒకే ఒక్కసారి ఆయన చెప్పాడు, అదీ తను అడగకుండానే, చింతపండు గింజలు తీస్తూ కూర్చున్న తన ఎదురుగా వచ్చి, వెనకనుంచి వచ్చినారు మైమూనా, మంచులో అడుగుల సప్పుడు రాదు, దేవప్ప నా పక్కనే ఉన్యాడు, అమరాపురం దేవప్ప, అరవను గూడా లేదు, అన్నాడు, అని లేచి పోయాడు, తను గింజలు తీస్తూనే ఉండిపోయింది.

అందుకే కదా మొన్న జయరామయ్య బట్టల అంగడికి పోయింది, ఈ సన్మానం చేసే వర్తక సంఘానికి ఆయనే పెద్ద, మంచి మనిషి, ధర్మవరంలో చెప్పి నేయించిన పట్టు శాలువాలు విప్పి చూపించాడు, అంచు పట్టుకుని చూడమన్నాడు, అన్నా, మా ఆయనకు మాత్రం శాలువా చేతికి ఇయ్యండి, ఎదురుగా నిలబడి, అంటే, ఎందుకమ్మా, చేతికిస్తే మర్యాదగా ఉంటాదా, అన్నాడు, నిజం నాలుక దాకా వచ్చింది, పక్కనే అంగట్లో పనిచేసే పిల్లలు చీరలు మడత పెడుతున్నారు, ఈ మాట ధర్మవరం పోవడానికి ఎంతసేపు, మెడ పట్టేసిందన్నా, ఎవరన్నా చెయ్యేస్తే ఓర్చుకోలేడు, అంది, ఓసి, అంతేనా, ఆ మాత్రానికేమ్మా, నేనే కప్పుతా పో, కప్పింది గూడా తెలీకుండా మెల్లిగా కప్పుతా, అన్నాడు ఆ పెద్దమనిషి, ఎంత దయగా అన్నాడు, వద్దన్నా అంటే మళ్ళీ ఎందుకని అడుగుతాడు, తల ఊపి వచ్చేసింది.

మైకులో ఆయన పేరు చదివారు, చప్పట్లు మొదలయ్యాయి, ఆ చప్పట్లలో గాజులు మోగించినా వినబడదు, దగ్గినా వినబడదు, జయరామయ్య శాలువా రెండు చేతుల మీద పరుచుకుని కుర్చీల వెనకగా వస్తున్నాడు, చెప్పులు విడిచి, పసిపిల్లకు దుప్పటి కప్పబోయే మనిషిలా మునివేళ్ళ మీద, అన్నా ఆగు, అని లేచింది, ఆ మాట చప్పట్లలో కలిసిపోయింది, అర్షియా నాయనా అని అరిచింది, అప్పటికే పట్టు ఆయన మెడకు తగిలింది, తరువాత కుర్చీ పడిన చప్పుడు, జయరామయ్య కింద, జాకీర్ మోకాలు ముసలాయన రొమ్ము మీద, ఒక చెయ్యి గొంతు మీద, చప్పట్లు ఇంకా పూర్తిగా ఆగలేదు, వెనక వరుసల వాళ్ళు కొడుతూనే ఉన్నారు, పక్క కుర్చీల్లోని సైనికులు లాగితే గానీ ఆయన చెయ్యి వదల్లేదు, వదిలాక ఆ చెయ్యినే చూసుకుంటూ నిలబడ్డాడు, జయరామయ్య లేచి దగ్గుతూ, ఏం కాలేదప్పా, ఏం కాలేదు, అంటూనే ఉన్నాడు.

తాగినట్టుండాడు, అన్నారెవరో, మిలిటరీ కోటా మందు పొద్దున్నే పడిందేమో, అన్నారు ఇంకొకరు, కాదప్పా, ఆయప్ప చూపు చూడు, తలకేమో అయినట్టుంది, అని మూడో గొంతు, ఆ మాటకు లాల్‌సాబ్ ముఖం తన వైపు తిరిగింది, ఏమిది చెల్లెమ్మా, ఇట్లాంటిది మీ ఇంట్లో ఎవరికన్నా ఉండాదా, అన్నాడు, కోపంగా కాదు, భయంగా, తను నోరు తెరిచింది, అప్పుడు ఆయన వేదిక మీదనుంచి నేరుగా తనను చూశాడు, తరువాత లాల్‌సాబ్‌ను చూశాడు, మైకు దగ్గరికి వచ్చి, తాగినాను, తప్పైంది, పెద్దాయన మన్నించల్ల, అన్నాడు, పుట్టి బుద్ధెరిగినాక ఒక్క చుక్క ముట్టని మనిషి, తోటి జవాన్లు ఎగతాళి చేసినా తన వంతు మందు ఊరికే వాళ్ళకు ఇచ్చేసిన మనిషి, మంటపంలో నవ్వులు లేచాయి, ఊపిరి పీల్చుకున్న నవ్వులు, లాల్‌సాబ్ కూడా వదులుగా నవ్వి, ఇంతేనా, నా గుండె ఆగిపోయింది కదమ్మా, మిలిటరీవాళ్ళన్నాక ఉంటాది, పెండ్లినాటికి మాత్రం జాగ్రత్త, తాగుడయితే మాన్పించొచ్చు, అన్నాడు, అర్షియా పమిట నోటికి అడ్డం పెట్టుకుంది, పెళ్ళి నిలబడింది, అంతా నిలబడింది.

ఆయన మైకు దగ్గరే ఇంకా నిలబడి ఉన్నాడు, తననే చూస్తున్నాడు, సరిగ్గా చెప్పానా అని అడిగే చూపు, ఈ చూపు ముందెక్కడో చూసింది, ఎక్కడ, ఇదే ఊరి బస్టాండులో, పోయిన ఏడు, బెంగళూరు బస్సు పక్కన నిలబడి, పోదామా మైమూనా, ఆడ మిలిటరీ ఆస్పత్రిలో దీనికి డాక్టర్లు ఉండారంట, నాతో పనిచేసినోళ్ళు చూపించుకున్యారు, నిద్ర పడతాందంట, అన్నాడు, తనకు తానుగా నోరు తెరిచి అడిగింది ఆ ఒక్కటే, తను చుట్టూ చూసి, మెల్లిగ మాట్లాడు, పిచ్చాసుపత్రి అంటారు, పిల్ల పెండ్లి అయ్యేదాకా ఊరకుండు, అంది, ఆయన సరే అన్నాడు, పై అధికారికి చెప్పినట్టు, నిటారుగా నిలబడి, పెనుకొండ బస్సెక్కాడు, ఆ తరువాత మళ్ళీ అడగలేదు, ఆయన్ను లోకం నుంచి కాపాడుతున్నాననుకుంది ఇన్నాళ్ళూ, గడప దగ్గర దగ్గుతూ, గాజులు మోగిస్తూ, కొండల మీద మంచులో పుట్టిన భయానికి ఎక్కడో ఒక మందు ఉండేది, దానికి సిగ్గు అనే పేరు పెట్టి ఇంట్లో దాచింది మాత్రం తను, ఆయన ఇప్పుడు భయపడుతున్నది వెనకనుంచి వచ్చేవాళ్ళకు కాదు, ఎదురుగా ఉన్న తనకు.