భుజం మీది చెయ్యి

సంస్థలో అందరూ ఆమెను రాతక్క అనే పిలిచేవారు. రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైన క్వారీ కూలీల తరఫున ఇరవై ఆరేళ్లుగా కరపత్రాలు, పోస్టర్లు, పత్రికా ప్రకటనలు రాసిన మనిషి. ఇంకో నాలుగు రోజుల్లో ఉద్యోగ విరమణ. సొరుగులు ఖాళీ చేస్తుండగా గుమ్మంలో ఒక పెద్దావిడ వచ్చి నిలబడింది.

"గుర్తుపట్టలేదు కదూ? ఎలా పడతావులే, నన్ను కత్తిరించేశావుగా!" అంటూ గోడమీది పోస్టరు చూపించింది.

రాతక్క చేతిలోని కాగితాలు పక్కన పెట్టి అటు చూసింది.

మంచం మీద కూర్చున్న బక్కచిక్కిన కూలీ. కింద 'ఒంటరి ఊపిరి' అని రెండే మాటలు. కూలీలకు పరిహారం ఇప్పించే చట్టం వచ్చిందంటే ఆ పోస్టరు పుణ్యమే అనేవారు. నిజానికి ఆ ఫొటో తీసిన రోజు అతని పక్కనే భార్య కూర్చుంది. ఒక్కడే కనిపిస్తే చూసేవాళ్ల మనసు ఎక్కువ కరుగుతుందని రాతక్కే ఆమెను తీసేసింది. అతని భుజం మీద నాలుగు వేళ్లు మాత్రం మిగిలిపోయాయి.

"ఆయన పోయి పదకొండేళ్లయింది తల్లీ. మేమిద్దరం కలిసి దిగింది అదొక్కటే. పూర్తి ఫొటో ఇస్తావేమోనని వచ్చాను."

"కూర్చోండమ్మా, వెతుకుతాను."

బీరువా, పాత సీడీలు, కంప్యూటరు అన్నీ గాలించింది. చివరికి అట్టపెట్టె మీద తన దస్తూరీతోనే ఉన్న చీటీ దొరికింది. 'అచ్చుకు వెళ్లినవి ఉంచండి. మిగతావి తీసేయండి.'

"లేదమ్మా. నేనే పారేయించాను."

"పోనీలే అనలేను. రెండు బస్సులు మారి వచ్చాను." ఆవిడ పోస్టరు దగ్గరికి వెళ్లి తన చేతిని ఆ వేళ్ల పక్కన పెట్టింది. రాయి పడి వంగిన నడిమి వేలు, బొమ్మలోనూ వంకరే. "బళ్లో ఇది చూసొచ్చి నా మనవరాలు అడిగింది, 'తాతను వదిలేశావా నానమ్మా?' అని. గొంతులో నీళ్లు పోసిందాన్ని నేను. ఒంటరి ఊపిరట!"

ఆ పోస్టరు మళ్లీ అచ్చుకు వెళ్తోంది. రాతక్క డైరెక్టరుకు ఫోన్ చేసి, అచ్చు ఆపి ఆ రెండు మాటలు మార్చాలంది.

"ఒంటరి అన్న మాటే కదక్కా మన బలం? వెళ్లేముందు ఈ మెలిక ఏంటి?"

"బలం అందరిదీ సార్. అబద్ధం నాది. ఆపండి, లేకపోతే పత్రికలకు నేనే రాస్తాను. ఎలా రాయాలో నాకు తెలుసు."

డైరెక్టరు దిగివచ్చాడు. "సరే, బొమ్మ కింద ఏం వేయాలో రాసి పంపండి."

ఏది రాసినా సంబంధించిన వాళ్లకు చదివి వినిపించాకే పంపడం రాతక్క పద్ధతి. అప్పట్లో 'ఒంటరి ఊపిరి'ని ఈవిడ భర్త ఒక్కడికే వినిపించింది. ఇప్పుడు కొత్త మాటలు కాగితం మీద రాసి ఆవిడకు చదివింది.

"'భుజం మీది చెయ్యి ఈయన భార్యది. చివరిదాకా ఈయనను ఆనించుకుని కూర్చుంది.'"

"ఆనించుకుని కాదు, ఎత్తిపట్టుకుని. పడుకుంటే ఊపిరాడేది కాదు."

రాతక్క దిద్ది, మళ్లీ చదివింది. ఆవిడ తల ఊపింది. గోడమీది పోస్టరును తనే ఊడదీసి, చుట్టి చంకలో పెట్టుకుంది.

రాతక్క గేటు దాకా వెంట నడిచింది. ఆవిడ వెళ్లొస్తానని మాత్రం అనలేదు.