దారం మీద ప్రాణం

అమరచింత కాలేజీలో ఆశీర్వాదం సారు ఇంగ్లిషు జాతీయాలు చెప్పే రోజు పిల్లలు కిటికీలు ముందే తీసి పెట్టేవారు. సారు నోట ఏ జాతీయం వస్తే అది అక్కడ జరిగిపోయేది. 'బటర్‌ఫ్లైస్ ఇన్ ద స్టమక్' అంటే లోపల దడదడలాడటమని ఆయన చెప్పిన రోజు, పరీక్షకు భయపడుతున్న పిల్లల నోళ్లలోంచి సీతాకోకచిలుకలు లేచి చేల మీదికి పోయాయి. చావు మాటలను మాత్రం ఆయన పలికేవారు కాదు. 'హ్యాంగింగ్ బై ఎ థ్రెడ్' అని బోర్డు మీద రాసి, దాన్ని పైకి చదవకుండా, ప్రాణం దారానికి వేలాడటం, అంటే ఏ క్షణమైనా పోయేలా ఉండటమని చెప్పి, తుడిచేశారు.

ఆ వానాకాలం నవ్య అనే విద్యార్థిని తండ్రి శంకరయ్యకు డెంగీ ముదిరింది. ఆయన, భార్య జములమ్మ గద్వాల చీరలు నేస్తారు. వనపర్తి దవాఖానలో డాక్టరు ఇక ఏమీ చెప్పలేమన్నాడు. నవ్య సారుకు ఫోన్ చేసింది. తుడిచేసిన ఆ మాటను నాయిన పక్కన నిలబడి పైకి అనమని బతిమాలింది.

సారు బస్సెక్కి వచ్చారు గాని ఒప్పుకోలేదు. కనబడ్డ దారం తెగితే ఆ పాపం తనదేనన్నారు.

"కనబడకపోతే యాడ అతకాలె సారూ?" అంది జములమ్మ.

ఆయన కళ్లు మూసుకుని పలికారు. పైకప్పు నుంచి శంకరయ్య గుండె దాకా సన్నటి దారం దిగింది. నడుమ అరిగిపోయి ఒక్క పోగు మీద నిలిచింది. పక్క మంచం వాళ్లు లేచి, గాలి తగలకుండా ఫ్యాన్ ఆపారు. జములమ్మ తన కొంగులోంచి పోగు లాగి పురిపెట్టి చూసింది. అది అతుకు పట్టలేదు, జారిపోయింది.

ఆమె ఆ పోగును కింద పడేసి సారు వైపు తిరిగింది.

"నా గురించి గూడ అనుండ్రి సారూ."

"నువ్వు మంచిగనే ఉన్నవ్ గదమ్మా. నేనంటే అది నిజమైతది."

"తెలిసే అడుగుతున్న."

తల్లి చెయ్యిని నవ్య పట్టుకుంది. జములమ్మ ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుంది.

సారు ఆ మాటను మళ్లీ పలికారు. ఆమె తల మీదికి దిగిన దారం మందంగా ఉంది. దాని పురి విప్పి, సగం పోగులు వేరుచేసి, వేళ్లు తడిచేసుకుని మొగుని దారానికి పేనింది. ఈసారి అతుకు పట్టింది. సాయంత్రానికి శంకరయ్య కళ్లు తెరిచి నీళ్లడిగాడు.

చలికాలం వచ్చేసరికి ఆయన మళ్లీ మగ్గం ముందు కూర్చున్నాడు. దవాఖానలో ఏం జరిగిందో ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. కాని వంటింట్లో జములమ్మ దగ్గితే చాలు, మగ్గం ఆగిపోతుంది. ఆ దగ్గు తగ్గి, గిన్నెల చప్పుడు మళ్లీ వినబడేదాకా ఆయన చెయ్యి కదలదు.