కోరలమ్మ వెళ్ళొచ్చు

సంచి అక్కే సర్దుతోంది. తమ్ముడికి చేతకాక కాదు. తన చేత్తో సర్దిన సంచి అయితే దానితోపాటు మనిషి కూడా ఇంటికొస్తాడని ఆమెకో నమ్మకం. ఉన్ని చొక్కా, టార్చిలైటు, జ్వరం మాత్రలు, ప్లాస్టిక్ కవరులో చుట్టిన రికార్డరు అన్నీ కుదురుగా ఇమిడాయి. మైకుకి గాలి తగలకుండా వేసే బొచ్చు తొడుగు మాత్రం ఎటు కుక్కినా కుందేలు పిల్లలా బయటికే తన్నుకొస్తోంది.

"ఇంత బరువుందేంటక్కా? నీ భయాన్ని కూడా మడతపెట్టి పెట్టావా?"

"పెట్టాను. అడుగున ఉంది. కొండమీద చలేస్తే తీసి కప్పుకో."

తమ్ముడి భార్య గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ నవ్వింది. "మీ భయం కప్పుకుంటే ఈయనకి ఉక్కపోత పట్టుకుంటుంది వదినా."

ముగ్గురిదీ ఒకటే ఆఫీసు. సైకిళ్ళ కొట్టు మీది రెండు గదుల్లో, కంప్యూటర్లో ఆడుకునే జంతువుల ఆట తయారుచేస్తారు. ఆడేవాళ్ళు ఏదో ఒక జంతువుగా మారి అడవిలో బతకాలి. వేటాడాలి, దాక్కోవాలి, పిల్లల్ని సాకాలి. ఏ జంతువు ఎప్పుడేం చేస్తుందో పుస్తకాలు తిరగేసి అక్క నోటితో చెబుతుంది. మరదలు దాన్ని ప్రోగ్రాముగా రాస్తుంది. అరుపులూ అడుగుల చప్పుళ్ళూ పట్టుకొచ్చేది తమ్ముడు. అందుకే ఆఫీసులో అతన్ని చెవులపిల్లి అంటారు. బొమ్మలు గీసే పెద్దమనిషిని మాత్రం ఉత్త బొమ్మలాయన అంటారు. పాపం, అందరికీ పేర్లు పెట్టే ఆయనకి పేరు పెట్టేవాళ్ళు దొరకలేదు.

ఈసారి ఆటలోకి వస్తున్నది ఏనాడో భూమ్మీద అంతరించిపోయిన ఓ పెద్దపిల్లి. గడ్డం దాటి దిగిన రెండు కోరలు, ఎలుగుబంటికున్నట్టు బలిసిన ముందుకాళ్ళు, మొండి తోక. బొమ్మలాయన దాన్ని కోరలమ్మ అన్నాడు. అదే నిలిచిపోయింది. గర్జన కోసం పులిదీ సింహానిదీ కలిపి అల్లారు. దాని గొంతు విన్నవాళ్ళెవరూ లేరు కనక తప్పు పట్టేవాళ్ళూ లేరు. ఇక కావలసింది ఒక్కటే, వేట నుంచి తిరిగొచ్చిన తల్లి గుహ ముందు నిలబడి పిల్లల్ని పిలిచే పిలుపు. గాయపడ్డ జంతువుల్ని సాకే శరణాలయమొకటి కొండల్లో ఉంది. అక్కడ ఓ ఆడపులి పిల్లల్ని పెట్టిందని కబురు తెలిసి తమ్ముడు బయల్దేరుతున్నాడు.

వీధి చివర బస్సు హారన్ మోగింది. అతను సంచి భుజానికెత్తుకుని, చిన్నప్పుడు ఆటలకి పోబోయే ముందు అడిగినట్టే తల పక్కకి వంచి అడిగాడు.

"మరి వెళ్ళొచ్చా, అక్కయ్యగారూ?"

"వెళ్ళొచ్చు, వెళ్ళొచ్చు. ముందా బస్సందుకో."

మర్నాడు కోరలమ్మని మొదటిసారి అడవిలోకి వదిలారు. నలుగురు కూర్చునే బల్ల దగ్గర ముగ్గురే ఉన్నారు. తెరమీద గుహ, గుహ ముందు ఏపుగా పెరిగిన గడ్డి. పిల్లలు రెండూ పాలు తాగి ఒకదానిమీద ఒకటి పడి నిద్రపోయాయి. కోరలమ్మ లేచి ఒళ్ళు విరుచుకుని గడ్డిలోకి దిగింది.

అక్క కుర్చీ అంచుకి జరిగింది. "అదేంటండీ, వెనకాల గడ్డి కదులుతోంది?"

నిజమే. కోరలమ్మ వెనక, తోక ఉండవలసినంత మేర, ఏమీ లేనిచోట గడ్డి ఇటూ అటూ వంగి లేస్తోంది. కనబడని దేన్నో అది వెంటేసుకుని పోతున్నట్టుంది.

బొమ్మలాయన నాలిక కరుచుకున్నాడు. "సింహం ఎముకల మీదే దీన్ని కట్టానమ్మా. పైతోక కోసేశాను, లోపలి తోక ఉండిపోయినట్టుంది."

"దయ్యం తోకన్నమాట," అంది మరదలు.

వాళ్ళిద్దరూ నవ్వుకున్నారు. అక్క మాత్రం ఆ గడ్డినే చూస్తోంది.

కోరలమ్మ ఏరు దాటింది. దుప్పుల మంద పక్కనుంచే వెళ్ళింది, వాటివైపు చూడనైనా లేదు. కొండలు ఎక్కింది. బొమ్మలాయన గీసిన అడవి ఎక్కడ అయిపోతుందో అక్కడిదాకా వెళ్ళి, ఆగకుండా, తెల్లటి ఖాళీలోకి నడిచి మాయమైంది. గుహలో పిల్లలు లేచాయి. గుహ వాకిట్లోకొచ్చి కూర్చున్నాయి. ఆటలో పొద్దులు గబగబా మారుతున్నాయి. పిల్లల పక్కటెముకలు తేలాయి. ముందు ఒకటి ఒరిగింది. రెండోది దాన్ని నాకుతూ కూర్చుంది.

"ఆపు!" అంది అక్క. "ఆపమన్నానా! తల్లి తిరిగి రాదేం?"

మరదలు తెర ఆపి తను రాసింది చూసుకుంది. "మీరు చెప్పినట్టే రాశాను వదినా. పిల్లలు పడుకున్నాక తల్లి వేటకి వెళ్ళొచ్చు అన్నారు."

"వెళ్ళొచ్చు అంటే తిరిగి రావద్దనా?"

"రమ్మని కూడా కాదుగా! సింహాలకి గుంపుంటుంది, మనం చెప్పకపోయినా గుంపే వెనక్కి లాగుతుంది. దీన్నేమో ఒంటరిది అన్నారు. వెళ్ళొచ్చు అన్నారు, వెళ్ళనిచ్చాను. వెళ్ళొస్తుంది అని ఉంటే వచ్చేది. మీ మనసులోది కనిపెట్టడానికి ఇది మీ తమ్ముడు కాదు, కంప్యూటరు."

ఆమె వేళాకోళంగానే అంది. కానీ అక్క తెరమీంచి చూపు తిప్పేసుకుంది. నిన్న గుమ్మంలో తన నోటెంట వచ్చిన మాట అదే. వెళ్ళిరా అనలేదు. వెళ్ళొచ్చు అంది. అదీ రెండుసార్లు.

"ఇప్పుడే మార్చు. రమ్మను దాన్ని."

"ఎలా రమ్మనను? తల్లి పిలవందే పిల్లలు దగ్గరికి రావు, తల్లి వేషంలో ఏదొచ్చిందోనని దాక్కుంటాయి. అదీ మీరు చెప్పిందే. ఈయన పిలుపు తేగానే దానికే ముడేస్తాను, వచ్చేస్తుంది. అంత కంగారెందుకు?"

ఎందుకో చెబితే నవ్వుతారు. అక్క మెట్లమీదికెళ్ళి ఫోన్ చేసింది. కింద సైకిల్ ట్యూబులో గాలి తుస్సుమంటోంది. అవతల వాన హోరు.

"ఒరేయ్, వెళ్ళిరా."

"ఎక్కడికి?"

"వెళ్ళినచోటికేరా. నిన్న అనడం మర్చిపోయాను."

తమ్ముడు పగలబడి నవ్వాడు. "వచ్చి కూర్చున్నాక వెళ్ళిరా ఏంటే? ఇక్కడ వాన దంచుతోంది. పులమ్మేమో మూతి ముడుచుకుని కూర్చుంది, పలకదు. బయల్దేరే ముందు ఫోన్ చేస్తాలే. అప్పుడు ఉత్తినే 'రా' అను, సరిపోతుంది."

"మర్చిపోకు."

"నువ్వు మర్చిపోనిస్తావా!"

ఆ తర్వాత వాన వదల్లేదు. ఇక్కడ కూడా కొట్టువాడు సైకిళ్ళన్నీ లోపలికి లాక్కున్నాడు. అక్క రోజూ టీ కప్పు పక్కనే ఫోను పెట్టుకుని కూర్చునేది. తెర పక్క మూలలో కోరలమ్మ పిల్లలు గుహ వాకిట్లో ఆగిపోయి ఉండేవి. మరదలు వాటిని అలాగే వదిలేసింది.

బుధవారం పొద్దెక్కాక తమ్ముడి నుంచి పెద్ద ఫైలొకటి రావడం మొదలైంది. వెంట రెండే రెండు మాటలు: పట్టాను, బయల్దేరుతున్నా. ఫోన్ చెయ్యలేదు.

"చేస్తానన్నాడే!"

"మాట్లాడేంత సిగ్నల్ ఉండదు వదినా. ఫైలే చూడండి, చీమలా పాకుతోంది."

మధ్యాహ్నానికి ఫైలు పూర్తిగా దిగింది. ముగ్గురూ స్పీకరు దగ్గరికి జరిగారు. ముందు రేకుమీద వాన. చాలాసేపు వానే. తర్వాత, పొయ్యి ఊదుతున్నట్టు, ముక్కుతో మెత్తగా వదిలిన ఊపిరి. మళ్ళీ ఒకటి. అంత పెద్ద జంతువులో అంత చిన్న చప్పుడుందని ఎవరూ అనుకోలేదు. దాని వెనకే తమ్ముడి గుసగుస: "వచ్చింది... వచ్చింది."

మరదలు ఆ చివరి ముక్క రెండోసారి వేసుకుని విని, ఎవరైనా చూశారేమోనని తలవంచుకుంది. గబగబా పిలుపు తీసుకెళ్ళి కోరలమ్మకి ముడేసింది. ఆట మళ్ళీ మొదటినుంచి నడిపించింది. గడ్డి కదిలింది. ముందు కోరలు కనబడ్డాయి, తర్వాత భుజాలు. గుహ ముందు నిలబడి ఊపిరి వదిలింది. పిల్లలు రెండూ పొర్లుకుంటూ పరిగెత్తుకొచ్చాయి. బొమ్మలాయన చప్పట్లు కొట్టాడు.

"చూశారా, మీ కోరలమ్మ వచ్చేసింది!" అంది మరదలు.

అక్క అప్పటికే తమ్ముడి నంబరు నొక్కుతోంది. 'రా' అనడానికి నోరు తెరిచి పెట్టుకుంది. అందుబాటులో లేదంది ఫోను. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే.

"కొండల్లో అంతే వదినా," అంటూనే మరదలు తన ఫోను తీసింది. ఆమె టీ మీద మీగడ కట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా ఒకే నంబరుకి చేస్తున్నారు. బొమ్మలాయన లేచి, ఎందుకో తెలియకుండానే, కిటికీ తలుపు వేశాడు.

అక్క ఫోన్ మోగింది. శరణాలయం కాపలామనిషి. "అమ్మా, బాబుగారెక్కిన జీపు కిందికొచ్చిందా?" అని అడిగాడు. "ఇక్కడ మలుపు దగ్గర దారి తెగిపోయింది. అంతకు ముందే దాటేసి ఉంటారని... దాటేశారా అమ్మా?"

కొన్ని నెలలకి ఆట బయటికొచ్చింది. దయ్యం తోకని బొమ్మలాయన తీసేశాడు. పిలుపు వెనకున్న గుసగుసని మాత్రం మరదలు తీయలేదు. బాగా చెవిపెట్టి వింటే అది ఇప్పటికీ వినబడుతుంది. అక్క కొత్త జంతువుల గురించి చెప్పేటప్పుడు, వెళ్ళొస్తుంది అని ఒత్తి చెబుతుంది. కోరలమ్మ రోజూ వెళ్ళొస్తుంది.

తమ్ముడు తిరిగి రాలేదు. పోయిన వానాకాలం, ఆ బుధవారం మధ్యాహ్నం, తెగిన దారితోపాటే జీపూ పోయింది.