రోలండ్ పేరున నూట అరవై ఒకటి

పోయాక కూడా రోలండ్ ఏప్రిల్ దాకా ప్రతి మంగళవారం ఆడుతూనే ఉన్నాడు.

మా బౌలింగ్ లీగులో, అంటే బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే ఆటలో, అలా కుదురుతుంది. నలుగురి జట్టులో ఒకడు రాకపోతే, వాడి సగటులోంచి పది పిన్నులు తగ్గించి, మిగిలిన అంకెను వాడి పేరున వేసుకోవచ్చు. దాన్ని బ్లైండ్ అంటారు. జలుబు చేసినవాడికీ, చలికి తట్టుకోలేక ఫ్లోరిడా వెళ్ళినవాడికీ, మొక్కజొన్న కోత తెమలనివాడికీ ఒకటే పద్ధతి. చనిపోయినవాడి సంగతి నియమాల్లో ఎవరూ రాయలేదు. ఫిబ్రవరిలో నా భర్తను పూడ్చిపెట్టిన మర్నాడు మంగళవారం. ఆ సాయంత్రం అతని జట్టు కెప్టెన్ క్లేటన్ మసార్ మేం ఆడే జాడిన్ లేన్స్‌లో కౌంటరు దగ్గరికి వెళ్ళి, "రోలండ్ రాలేదు. బ్లైండ్ వెయ్యి" అన్నాడట. యజమానురాలు కొరీన్ వేసిందట.

రోలండ్ సగటు నూట డెబ్బై ఒకటి. కాబట్టి ప్రతి ఆటకీ నూట అరవై ఒకటి.

అంతకుముందు నేను మంగళవారాలు వెనక బెంచీమీద కూర్చుని పిల్లల వ్యాసాలు దిద్దుకునేదాన్ని. ఆ తర్వాత కూడా వెళ్ళాను. మంగళవారం ఇంకెక్కడికి వెళ్ళాలో నాకు తెలియలేదు. స్కోరు తెరమీద నాలుగో పేరు అతనిదే ఉండేది.

ఏప్రిల్లో సీజను ముగిసేసరికి ఆ జట్టు రెండో స్థానంలో నిలిచింది. రెనార్ అన్నదమ్ముల జట్టు మూడోది. ఆ నలుగురిలో పెద్దవాడు లియాండర్. ముగింపు విందులో రెండు గ్లాసులయ్యాక వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"చచ్చాక కుదురుకున్నాడు మార్లిస్, మీ ఆయన. ఇన్నేళ్ళు ఆడాను వాడితో, ఒక్కవారం కుదురుగా ఆడితే ఒట్టు. ఇప్పుడు చూడు, ఒక్క పిన్ను అటూ ఇటూ కావటంలేదు. ఇలాంటివాణ్ణి ఎలా గెలుస్తాం?"

బల్ల చుట్టూ ఎవరూ కదల్లేదు.

"ఆ చికెన్ ఇటు జరుపు లియాండర్" అన్నాను. అందరూ మళ్ళీ తినడం మొదలుపెట్టారు.

ఆగస్టులో క్లేటన్ మా ఇంటికి వచ్చాడు. కాగితం సంచీలో మొక్కజొన్న పొత్తులు తెచ్చాడు. భార్య పోయి ఆరేళ్ళు. మోకాళ్ళు ఒప్పుకోక ముందటేడు ఆవుల్ని కూడా అమ్మేశాడు. లోపలికి రమ్మంటే బూట్లకి మట్టి ఉందన్నాడు. బూట్లు శుభ్రంగానే ఉన్నాయి.

"నాలుగోవాడు దొరకలేదు మార్లిస్."

"అందర్నీ అడిగావా?"

"అడగనివాడు లేడు. చీజ్ ఫ్యాక్టరీ కుర్రాళ్ళ దగ్గరికి కూడా వెళ్ళాను. ముప్ఫై రెండు మంగళవారాలా అని నవ్వారు. వచ్చే మంగళవారం ఎక్కడుంటామో మాకే తెలీదు తాతా అన్నాడొకడు. తాతట!"

"తాతవే కదా నువ్వు."

"వాడికి కాదుగా."

వరండా కమ్మీ పట్టుకుని కాసేపు రోడ్డువైపు చూశాడు.

"ఎనిమిది జట్లుంటేనే లీగు పెడతానంటోంది కొరీన్. ఏడున్నాయి. మాది ఎనిమిదోది. ముగ్గురం ఉన్నాం. అందుకని... నాలుగో పేరు రోలండ్‌దే ఉంచుదామనుకుంటున్నాం. నువ్వు సరేనంటేనే."

"సీజనంతా బ్లైండేనా?"

"ఎవరూ కాదనరు. లియాండర్ కూడా కాదనడు, అడిగాను. మంగళవారం లేకపోతే నాకు..." అని సంచీ నా చేతికిచ్చాడు. "ఇవాళే ఉడకబెట్టు. రేపటికి తీపి పోతుంది."

ఆలోచించి చెబుతానన్నాను. ఆ రాత్రి పొత్తులు ఉడకబెట్టలేదు.

రెండు రోజుల తర్వాత బడిలో గది సర్దుకుని, అటునుంచి అటే కొరీన్ దగ్గరికి వెళ్ళాను. కౌంటరు వెనక అద్దె బూట్లలో వాసన పోయే మందు చల్లుతోంది. ఏడో తరగతిలో నా దగ్గర చదువుకుంది. వాక్యం మధ్యలో ఆపేసే అలవాటు అప్పటినుంచీ ఉంది.

వాళ్ళ నాన్న వెర్లిన్ నడిపిన రోజుల్లో ఇక్కడ వారంలో ఏ రాత్రీ ఖాళీ ఉండేది కాదు. ఓడల యార్డు జట్లు ఆరింటికి, రెండో షిఫ్టు జట్లు తొమ్మిదింటికి. జట్టులో చోటు కావాలంటే ఎవడో ఒకడు చావాలి అనుకునేవాళ్ళు. ఆడవాళ్ళ లీగు గురువారం మధ్యాహ్నం ఉండేది, నేనూ రెండేళ్ళు ఆడాను. ఒక్కో ఏడాది ఒక్కో రాత్రి పోతూ వచ్చి, చివరికి మంగళవారం మిగిలింది.

"క్లేటన్ మిమ్మల్ని అడిగాడా?" అంది కొరీన్.

"అడిగాడు. నువ్వేమంటావు?"

సీసా పక్కన పెట్టింది. "శనివారం ఒక పుట్టినరోజు పార్టీ, మిసెస్ డెల్ఫోస్. పన్నెండుమంది పిల్లలు, రెండు గంటలు, పిజ్జా. మంగళవారం రాత్రంతా వచ్చే డబ్బుకంటే అదే ఎక్కువ. ఆ పిల్లలకి స్కోరు కూడా అక్కర్లేదు. రంగు దీపాలు వెలిగితే చాలు, బంతి ఏదో ఒకదానికి తగిలితే చాలు. వీళ్ళేమో ఒక్క బీరుతో మూడు ఆటలూ కానిచ్చి, బంతి దొర్లే లేను మీద నూనె సరిగా పూయలేదని నన్ను తిట్టి వెళతారు."

"మీ నాన్న ఉంటే ఏం చేసేవాడు?"

"ఎప్పుడో మూసేసేవాడు. ఆయనకి పిల్లలంటే పడదుగా."

ఇద్దరం కొంచెం నవ్వాం. ఆ వెంటనే ఆమె ముఖం వడిలిపోయింది. నలభై నిండకుండానే నా వయసుదానిలా కనిపించింది.

"నాకు లీగు తీసెయ్యాలని లేదండీ. ముగ్గురేసి జట్లు, పన్నెండు వారాలు చాలు. ఎనిమిదింటికల్లా అయిపోతుంది, ఆ తర్వాత లేన్లు అద్దెకిచ్చుకుంటాను. అలాగైతే కుర్రాళ్ళు కూడా ఒకరిద్దరు రావచ్చు. నిరుడు ఆ మాటంటే నామీద కేకలేశారు. రోలండ్ గారి పేరుతో ఎనిమిది జట్లయితే ఈ ఏడు కూడా పాత పద్ధతే. నేను మాటిచ్చాను, తప్పను. కానీ మీరు వద్దంటే..."

"వాక్యం పూర్తి చెయ్ కొరీన్."

"మీరు వద్దంటే ఏడే ఉంటాయి. అప్పుడు మళ్ళీ అడగొచ్చు."

"వాళ్ళు మళ్ళీ కాదంటే?"

"అప్పుడిక మంగళవారం లేదు."

"అంటే వద్దనే పని నాది."

"నేనంటే డబ్బు కోసమంటారు. అదీ నిజమే అనుకోండి. మీరంటే..."

ఈసారి పూర్తి చెయ్యమనలేదు.

క్లేటన్ దగ్గరికి వెళ్ళి ముందే చెప్పి ఉండాల్సింది. ఫోను రెండుసార్లు తీసి పెట్టేశాను. నేను ఏమీ చెప్పకపోతే సరేనన్నట్టే అనుకున్నాడు అతను.

మీటింగు మంగళవారం అయిదింటికి, బారు పక్కన. లేన్లవైపు దీపాలు తీసేసి ఉన్నాయి. కెప్టెన్లు మాత్రమే రావాలి గానీ దాదాపు అందరూ వచ్చారు. వేయించిన చీజ్ ముక్కల పళ్ళెం చేతులు మారుతోంది. ఒకరి తుంటి ఆపరేషను గురించీ, ఈ ఏడు వానల గురించీ మాట్లాడుకుంటున్నారు. నేను తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాను.

క్లేటన్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. లేచి జట్లు ఒక్కొక్కటే చెప్పి, "ఎనిమిదోది మాది. నోర్బర్ట్ వాట్లెట్, నోర్బర్ట్ అల్లుడు డేల్, నేను, రోలండ్" అన్నాడు.

"రోలండ్ పేరు రాయొద్దు క్లేటన్" అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. లేచి, ముప్ఫై ఏళ్ళు పిల్లలముందు నిలబడ్డట్టే నిలబడ్డాను.

"వేసవికి ముందు నేనూ ఇక్కడే కూర్చుని చూశాను. ప్రతి ఆటా నూట అరవై ఒకటి. రోలండ్ జన్మలో వరసగా రెండు ఆటలు ఒకేలా ఆడలేదు. ఒక వారం రెండు వందల ఇరవై కొట్టి, ఇంట్లో నన్ను నిద్రపోనిచ్చేవాడు కాదు. పై వారం నూట ముప్ఫై కొట్టి, తప్పంతా బంతిదే అనేవాడు. ఆ తెరమీద ఆడుతున్నది ఎవరో నాకు తెలీదు. మా ఆయన కాదు."



"బంతిది కాదు" అన్నాడు నోర్బర్ట్ మెల్లిగా. "బూట్లదే తప్పనేవాడు."

ఎవరో ముక్కుతో నవ్వారు. తర్వాత ఇంకొకరు. క్లేటన్ నవ్వలేదు, కూర్చున్నాడు.

కొరీన్ ముందుకొచ్చి తన మాట చెప్పింది. ముగ్గురేసి, పన్నెండు వారాలు, లేకపోతే ఏమీ లేదు. ఈసారి ఆపకుండా చివరిదాకా చెప్పింది. వెంటనే గోల మొదలైంది.

"పన్నెండు వారాలంటే చెయ్యి తిరిగేలోగా అయిపోతుంది!"

"నీ చెయ్యి తిరగక పదేళ్ళయింది, కూర్చో."

లియాండర్ రెనార్ లేచి వేలు చూపించాడు. "క్లేటన్‌కేం, వాళ్ళు ముగ్గురే, వాళ్ళ జట్టు చెక్కుచెదరదు. మిగిలినవాళ్ళం తలా ఒకణ్ణి కోసి బయటపెట్టాలి. మేం నలుగురం ఒక తల్లి పిల్లలం. ఎవణ్ణి తీసెయ్యను, చెప్పు?"

"ఆట రానివాణ్ణి" అన్నాడు నోర్బర్ట్.

"అయితే నలుగుర్నీ తీసెయ్యాలి" అన్నాడు లియాండర్ చిన్న తమ్ముడు.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. జట్ల లెక్క మాత్రం అందరికీ తెలిసిపోయింది. ఏడు జట్లు తలా ఒకణ్ణి వదిలితే, ఆ ఏడుగురితో రెండు కొత్త జట్లు, ఒకడు మిగులు. తమలో ఆ ఒక్కడు ఎవడో ఎవరూ అడగలేదు. మనుషులు పక్కవాళ్ళను చూడటం మానేసి, తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు.

"చేతులెత్తండి" అంది కొరీన్.

చేతులు లేచాయి. ఎవరికీ ఇష్టమై కాదు. సాయంత్రం చివరి పీరియడులో ఏదో ఒకటి ఒప్పుకుంటే ఇంటికి పంపిస్తారన్నప్పుడు పిల్లలు ఎత్తినట్టు ఎత్తారు. ఎనిమిదిమంది కెప్టెన్లలో అయిదుగురు. క్లేటన్ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"సరే, మిగులు నేనే" అన్నాడు లియాండర్. అతని తమ్ముళ్ళు ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "నా నడుం సంగతి మీకు తెలుసు. ఎవడు రాకపోతే వాడి చోట ఆడతాను. అందరూ వస్తే బీరు తాగి ఇంటికి పోతాను. ఇకనుంచి మీ అందరికీ వెన్నునొప్పి రావాలని చర్చిలో కొవ్వొత్తి వెలిగిస్తా."

"ఎవరైనా రాకపోతే బ్లైండ్ ఉందిగా" అన్నారెవరో.

"నేను లేనా, ఇంత మనిషిని?" అన్నాడు లియాండర్.

కుర్చీలు కదిలాయి. కొత్త జట్లు ఎలా కలవాలో అప్పుడే రెండు మూడు చోట్ల గుసగుసలు మొదలయ్యాయి. కొరీన్ నావైపు చూసి ఏదో చెప్పబోయి ఆగింది. తలూపాను.

క్లేటన్ బారు దగ్గర లేడు. చీకట్లో, లేన్ల ముందు బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"వాణ్ణి పంపించేశావు" అన్నాడు.

"ఫిబ్రవరిలోనే వెళ్ళాడు క్లేటన్."

"తెలుసులే. శవపేటిక మోసినవాణ్ణి, నాకు తెలీదా?" అన్నాడు. "ముందే చెప్పొచ్చుగా. అందరిముందూ లేచి వాడి పేరు చదివాను, పిచ్చివాడిలా."

"చెప్పాల్సింది. ధైర్యం చాల్లేదు."

అతను కోపంగానే ఉన్నాడు. నేను లేవలేదు.

"తెరమీద నా పేరు కింద వాడి పేరుండేది" అన్నాడు చివరికి. "ఇన్నేళ్ళూ నేను మూడోవాణ్ణి, వాడు ఆఖరివాడు. నేను తప్పినా ఫరవాలేదు, వెనకాల వాడున్నాడు అనుకుని వేసేవాణ్ణి. వాడు పోయాక కూడా అలాగే అనుకుని వేశాను. వెనకాల ఎవరూ లేకుండా ఎప్పుడూ వెయ్యలేదు మార్లిస్."

అతను నిజమే చెప్పాడు.

నోర్బర్ట్ రెండు గ్లాసులు పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. ఒకటి క్లేటన్‌కి, ఒకటి నాకు ఇచ్చాడు. క్లేటన్ ఆఖరి మాటలు విన్నట్టున్నాడు.

"ఆఖర్న నేను వేస్తాలేవోయ్" అన్నాడు.

"నువ్వా?" క్లేటన్ తలెత్తాడు. "పక్క లేన్లోకి బంతి పంపినవాడివి నువ్వు."

"ఒక్కసారేగా."

"రెండుసార్లు. నువ్వు ఆఖర్న వేస్తే మనం నెల తిరక్కముందే అట్టడుగున ఉంటాం."

"అయితే మా అల్లుడు?"

"డేల్ ఫోను చూసుకుంటూ వాడి వంతే మర్చిపోతాడు."

"మరైతే ఎవరు వేస్తారు? నువ్వే చెప్పు."

క్లేటన్ గ్లాసులోకి చూశాడు. ఒక గుటక తాగి, చొక్కా చేత్తో మూతి తుడుచుకున్నాడు.

"నేనే వేస్తాలే" అన్నాడు, విసుగ్గా.