శాస్త్రిగారు ఇరుక్కున్న గంగాళం

దగ్గరికి జరగండమ్మా, ఈ వాన చప్పుడులో నా గొంతు వినపడదు. నేను ఒక ఇత్తడి గంగాళాన్ని. పొట్ట పెద్దది, మూతి చిన్నది, అడుగు లేదు. అదెలా పోయిందో చెబుతా.

కంచరి ఈరన్న నన్ను కొట్టి కొట్టి చేశాడు. సీమలో ఒక ఊరి పెళ్ళిళ్ళన్నిటికీ పప్పుచారు నాలోనే కాగింది. పెళ్ళికూతురి మొహం మరిచినవాళ్ళు కూడా చారులో ఉప్పు తగ్గిన సంగతి మరవరు, మనుషులంతే.

ఒక ఏడు వాన మొహం చాటేసింది. వరుణుడికి ఆ ఊళ్ళో గుడి లేదు, పూజ లేదు. చేను ఎండితేనే ఆయన గుర్తొస్తాడు. ఊడలు దిగే వేళకు నారెమ్మ అనే రైతు వేరుశనగచేను వాడిపోతోంది. దాంతో నన్ను ఆమె చేనుగట్టున పెట్టి, నీళ్ళు నింపి, వరుణజపానికి చిదంబరశాస్త్రిగారిని అందులో కూర్చోబెట్టారు.

మెడలోతు నీళ్ళలో బాసింపట్టు వేసుకుని ఆయన జపించారు. తుంపర మొదలైంది. సంతోషంగా లేవబోతే మోకాళ్ళు నా అంచుకింద ఇరుక్కున్నాయి. నలుగురూ పట్టి లాగారు, తుంపర ఆగింది. వదిలేశారు, మళ్ళీ పడింది.

"కదలొద్దు సామీ! నువ్వు కదిల్తే దేవుడు అలుగుతుండాడు!"

"దేవుడి సంగతి తర్వాత, ముందు నా మోకాళ్ళ సంగతి చూడండ్రా!"

ఎవరు వింటారు? ఆయనకు గొడుగు పట్టి, నోట్లో బొరుగుల ఉగ్గాని పెట్టారు. గంగాళంతో సహా ఆయన్ను బండెక్కించి తమ పొలాలకు పంపమని పక్కూరివాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. పొద్దువాలేసరికి మంత్రం ఆగిపోయి పళ్ళు టకటకలాడాయి. అదీ మంత్రమేననుకుని అందరూ దండం పెట్టారు.

నారెమ్మ ఒక్కతే వంగి ఆయన నీలిపెదవులు చూసింది. తన చేను చూసింది, పైమన్ను తడిసిందంతే.

"ఈరన్న మామా, గంగాళం కోయి."

"మరి చేను?"

"పోతే పోయె, మళ్ళా ఏసుకుంటా. సామి సచ్చిపోతే యా ఇత్తనమేసి మొలిపిస్తావు?"

నన్ను చేసిన చేతులే ఉలి పట్టాయి. నన్ను పక్కకు దొర్లించి అడుగు కోయగానే శాస్త్రిగారు దూడలా కాళ్ళు ముందుగా జారి బయటపడ్డారు. మరుక్షణం కుండపోత! కండువా వదిలేసి ఆయన పరుగు తీస్తుంటే, చేలో నిలబడి తడుస్తూ నారెమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

వరుణుడికి అడుగు లేని గంగాళమే ఇష్టమని ఊరు తేల్చింది. నన్ను గట్టుమీదే నిలబెట్టి పసుపు పూసింది. మళ్ళీ ఎండలొస్తే ఇంటింటా బిందెల అడుగులు కొట్టేసుకుని, నీళ్ళకు పక్కూరి బిందెలు అరువడిగారు!

ఆ రోజు దేవుడు కరిగింది జపానికో, ఉలిదెబ్బకో నేనెరగను. మీరు మాత్రం గుర్తుంచుకుని, మీ పిల్లలకు చెప్పేటప్పుడు నారెమ్మ మాటకే కరిగాడని చెప్పండమ్మా.