లైన్లో ఇద్దరు

మొదలుపెట్టడంలో దినేశ్‌ను మించినవాడు పుప్పాలగూడ మొత్తంలో ఉండడు. జిమ్ముకు ఏడాది డబ్బు కట్టి పదకొండు రోజులు వెళ్లాడు. డైరీ కొని జనవరి ఆరో తేదీ దాకా రాశాడు. హాస్టల్లో అతని మంచం కింద గిటారు ఒకటి ఇప్పటికీ ఉంది. దాని తీగ ఒకటి తెగింది, వాయించి కాదు, సూట్‌కేసు తగిలి. ముప్పై మూడేళ్లు వచ్చినా అయ్యగారి ఆరంభశూరత్వం ఇంకా పోలేదు.

వాళ్లమ్మ ఉన్నన్నాళ్లూ ఇది అంతగా బయటపడలేదు. ఆవిడ చీరాల నుంచి రోజూ తెల్లవారుజామున ఐదింటికి ఫోన్ చేసి, "లేచావా నాన్నా? ప్రార్థన చేసుకో" అనేది. విసుక్కుంటూనే అయినా లేచేవాడు. రెండేళ్ల కిందట ఆవిడ పోయింది. అప్పటినుంచి దినేశ్ లేచాడా లేదా అని అడిగేవాళ్లే లేకుండా పోయారు. తొమ్మిదిన్నరకు లేవడం, మొహం కడిగీ కడగకుండా ఆఫీసు మీటింగులో చేరడం, పడుకోబోయే ముందు ఎవరెవరో వంటలు చేసుకునే వీడియోలు గంటలకొద్దీ చూడడం. తను తినేది మాత్రం చల్లారిపోయిన హాస్టల్ అన్నం. డిసెంబరులో టీమ్ లీడ్ రసజ్ఞ పిలిచి, "ఇంకో మూడు నెలలు చూస్తానండి" అంది. మెత్తగా చెప్పింది. మెత్తగా చెప్పినందుకే అతనికి భయం వేసింది.

ఆ డిసెంబరు ముప్పై ఒకటిన, కొత్త సంవత్సరపు ఆరాధనలో, తీర్మానం చేసుకున్నాడు. చర్చివాళ్లు రోజూ ఉదయం ఐదింటికి ఫోన్లో ప్రార్థన మొదలుపెడుతున్నారు. ఎవరింట్లో వాళ్లుండి లైన్లో కలవొచ్చు. ఒక్కరోజు కూడా తప్పనని దేవుడికి మాటిచ్చాడు. ఒక్కరోజు తప్పితే ఇక అంతేనని, తనూ గిటారు పక్కన చేరినట్టేనని అతనికి బాగా తెలుసు.

జనవరిలో లైన్లోకి ముప్పై ఎనిమిది మంది వచ్చారు. ఒకరి వందనాలు ఒకరికి వినపడక గోలగోలగా ఉండేది. ఫిబ్రవరికి పదిహేను మంది మిగిలారు. ఈస్టరు ముందు శ్రమల దినాల్లో మళ్లీ కాస్త పెరిగారు, పండగ అవగానే దుప్పట్లు కప్పేసుకున్నారు. మే నెలలో పాస్టరుగారు, "దినేశ్ బాబూ, మీరు రోజూ వస్తున్నారు కదా, ఇక మీరే నడిపించండి" అని తనూ తప్పుకున్నారు. జూన్ వచ్చేసరికి ఫోను తెర మీద ఇద్దరే కనపడ్డారు. ఒకరు దినేశ్. రెండోవారికి పేరు లేదు, 'గెస్ట్' అని ఉండేది. ఎప్పుడూ మ్యూట్‌లోనే.

ఎవరో పెద్దావిడ అయి ఉంటుందని దినేశ్ అనుకున్నాడు. మ్యూట్ తీయడం రాక, వింటూ కూర్చుంటుంది పాపం. "వందనాలమ్మా. మీరేం మాట్లాడకపోయినా ఫర్వాలేదండి, వినండి చాలు" అని మొదలుపెట్టేవాడు. రోజులు గడిచేకొద్దీ ప్రార్థనకు ముందు నాలుగు మాటలు కూడా చెప్పేవాడు. నిన్న ఆఫీసులో పని ముందే అయిందని, ఉతికిన బట్టలు వానకు ఆరలేదని, చీరాలలో అమ్మ వండే చేపల పులుసు గుర్తొచ్చిందని. ఆవిడ ఎదురుచూస్తుందని పదింటికే పడుకునేవాడు. ఫోను పక్కలోకి రాకుండా బల్ల మీద పెట్టేవాడు. ఆరింటికి స్నానం, ఏడున్నరకు హాస్టల్లో వేడి ఉప్మా, ఖాజాగూడ చెరువు పక్కనుంచి నడిచి ఆఫీసుకు. రసజ్ఞ మూడు నెలల మాట మళ్లీ ఎత్తలేదు. ఒక మనిషి కోసం లేవడం అతనికి చేతనైంది, అంతే.

ఇదంతా గుసగుసగానే. గదిలో రెండో మంచం సాయిచంద్‌ది. జనగామ కుర్రాడు. సాయంత్రం షిఫ్టు చేసి తెల్లవారుజామున నాలుగింటికి క్యాబు దిగి వచ్చి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గోడవైపు తిరిగి దుప్పటి కప్పేసేవాడు. ఎనిమిది నెలలుగా ఒకే గదిలో ఉంటున్నా ఇద్దరూ కలిసి ముప్పై మాటలు మాట్లాడుకుంటే గొప్ప. జూన్‌లో ఒకసారి సాయిచంద్ వరండాలో ఫోన్ పట్టుకుని ఏడుస్తూ కనపడితే, దినేశ్ ఆగి ఏమైందండీ అన్నాడు.

"మా అమ్మకు కిడ్నీలు ఖరాబయినయన్నా. దవాఖానల ఏసిన్రు."

"అమ్మగారి పేరేంటండి?"

"భూలక్ష్మి."

దినేశ్ తలూపి లోపలికి వచ్చేశాడు. మర్నాటి నుంచి ఆ పేరు ప్రార్థనలో చేర్చుకున్నాడు. సాయిచంద్‌తో చెప్పలేదు. ఏమనుకుంటాడోనని మొహమాటం.

సెప్టెంబరులో ఓ ఆదివారం, లైన్లో ఉండే ఆవిడను ఒక్కసారి కళ్లారా చూడాలనిపించింది. వాళ్ల చర్చి కొత్తగూడలో ఒక ఫర్నిచర్ షాపు పైఅంతస్తు. ఆరాధన అయ్యాక చాపల మీద కూర్చునే ముసలమ్మల్లో పుణ్యవతిగారి దగ్గరికి వెళ్లి వంగి అడిగాడు.

"పొద్దున ఐదింటికి లైన్లో ఉండేది మీరేనా అండి?"

"నాకు ఫోనెక్కడిది బాబూ?" అని ఆవిడ నవ్వింది. "ఆ రవికిరణ్‌ని అడుగు. లైను పెట్టింది వాడేగా."

మైకుల వైర్లు చుడుతున్న రవికిరణ్ తలెత్తకుండానే చెప్పాడు. "అదా అన్నయ్యా, చర్చి పాత ఫోను. మైకుల బీరువాలో చార్జింగులో ఉంటుంది. ఐదింటికి దానంతట అదే కలిసేలా నేనే పెట్టాను. రికార్డు చేయడానికి."

"ఆ రికార్డు ఎవరైనా వింటారా?"

"లేదులెండి. జనవరిలో ఒకరిద్దరు విన్నారేమో."

దినేశ్ సరేనని మెట్లు దిగాడు. ఇదే ఇంకొకరికి జరిగితే పడీపడీ నవ్వేవాడు. నవ్వు రాలేదు. మూడు నెలలు బీరువాకు వందనాలు చెప్పాడు. అమ్మ చేపల పులుసు సంగతి బీరువాకు చెప్పుకున్నాడు. బస్సెక్కడం కూడా మర్చిపోయి వంతెన కింద నుంచి నడుస్తూ వెళ్లాడు. దేవుడు విన్నాడు కదా అని సర్దిచెప్పుకోబోయాడు. మరి దేవుడు అంతకుముందు కూడా వింటూనే ఉన్నాడుగా, అప్పుడెందుకు లేవలేదు? నేను లేచింది ఆయన కోసం కాదు, ఎవరో ఒకరు నా కోసం కూర్చున్నారని. ఆ మాట పైకే అనుకుని సిగ్గుపడ్డాడు. నిజానికి సిగ్గుకంటే ఒంటరితనమే ఎక్కువ బాధపెట్టింది. ఆ సాయంత్రం ఫోను మళ్లీ పక్కలోకి వచ్చింది. వంటల వీడియోలు ఎక్కడ ఆపాడో అక్కడినుంచే మొదలయ్యాయి.

సోమవారం ఐదింటికి అలారం మోగింది. ఆపేసి అటు తిరిగి పడుకున్నాడు. ఇంతేలే, మన బతుకింతే అనుకున్నాడు. బయట వాన పడుతోంది. కళ్లు మూసుకున్నాడు గానీ నిద్ర పట్టలేదు.

"అన్నా."

మొదట పక్కగదిలోంచి అనుకున్నాడు.

"అన్నా, లేస్తలేవా ఇయ్యాల?"

సాయిచంద్ గోడవైపు నుంచి ఇటు తిరిగి ఉన్నాడు. "లైన్లో ఎవరూ లేరండి. ఇన్నాళ్లూ లేరట" అన్నాడు దినేశ్.

"లైన్ల ఎవరుంటే నాకేందన్నా? అమ్మకు ఇయ్యాల డయాలసిస్ ఉంది."

"మీరు... వింటారా రోజూ?"

"నువ్వు అమ్మ పేరు చెప్పినంకనే పండుకుంట. చెప్తవని తెల్సు గద, అప్పటిదాక నిద్ర రాదు." సిగ్గుపడుతూ అన్నాడు, "ఇయర్‌ఫోన్ల ఏం ఉండదన్నా. ఊకెనే పెట్టుకుంట. నువ్వు పరేషాన్ అవుతవని."

దినేశ్ లేచి కూర్చున్నాడు. టైము ఐదుంబావు దాటింది. పక్కలో ఉన్న ఫోను మళ్లీ ముట్టుకోలేదు. చల్లటి నేల మీద మోకరించి, ఎనిమిది నెలల్లో మొదటిసారి గుసగుసగా కాకుండా మామూలు గొంతుతో, భూలక్ష్మిగారి పేరుతో మొదలుపెట్టాడు. మధ్యలో ఆగిపోయాడు.

"చెప్పన్నా" అన్నాడు సాయిచంద్ చీకట్లోంచి.

చెప్పాడు. అమ్మ నేర్పిన మాటలన్నీ చెప్పాడు. ఆమెన్ అని తల తిప్పి చూసేసరికి, సాయిచంద్ బూట్లు కూడా విప్పకుండా నిద్రపోయి ఉన్నాడు.