వదిన చెప్పిన జవాబు

పొద్దున తొమ్మిదింటికి లాప్‌టాప్ తెరిచింది మొదలు ఆమెకి ఊపిరాడలేదు. డిజైనర్‌తో బటన్ రంగు తేల్చాలి, నిన్నటి పని ఎందుకు ఆగిందో డెవలపర్లు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటుంటే వినాలి. ప్రొడక్ట్ మేనేజర్ అంటే అంతే, అందరికీ తలలో నాలుకలా ఉండాలి, ఏదైనా తేడా వస్తే తలా ఒక మాట అంటే పడాలి. అదంతా అలవాటే. ఇవాళ్టి బెంగంతా మధ్యాహ్నం మూడింటికి ఉన్న మీటింగు గురించే.

వాళ్ళది ఆస్పత్రి అపాయింట్‌మెంట్ల యాప్. ఫోన్ చేసేవాళ్ళకి ఇకమీదట మనుషుల బదులు యంత్రం జవాబిస్తుంది. దాన్ని రేపు జనంలోకి వదలాలా వద్దా అనేది ఆ మీటింగులో తేలుతుంది. వదిలితే రెండంతస్తుల కింద ఫోన్లెత్తే కాల్ ఫ్లోర్‌లో ముప్పై మందికి నలుగురే మిగులుతారు. ఆ ముప్పై మందిలో ఆమె సొంత వదిన ఉంది. అన్నయ్య నడుం పట్టేసి మంచం మీద పడి ఏడాదైంది, ఇల్లు వదిన జీతంతోనే నడుస్తోంది.

పోయిన నెల యంత్రానికి నేర్పడం కోసం ఆమె వారం రోజులు వదిన పక్కనే కూర్చుని కాల్స్ విని రాసుకుంది. "ఆడపడుచువి కదా, నా తప్పులన్నీ రాసుకో, మీ అమ్మకి చాడీలు మోయొచ్చు" అని వదిన నవ్వింది. ఏ మాటకి ఏం చెప్పాలో ఏదీ కడుపులో దాచుకోకుండా చెప్పింది. యంత్రం మీకు సాయానికే వస్తుందని ఆమె వదినతో అంది. అప్పటికి తనూ అదే నమ్మింది.

మూడింటికి మీటింగులో చూపిన యంత్రం పరీక్షల అంకెలన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. బాసు సరేననబోతుంటే, యాప్‌లో తప్పులు పట్టే టెస్టర్ చెయ్యెత్తాడు. ఆఫీసులో అతన్ని భూతద్దం అంటారు. మా నాన్నగారి అపాయింట్‌మెంట్ తీసేయండి, ఇక అవసరం లేదు అని పరీక్ష కోసం తను మెల్లగా అంటే, మళ్ళీ ఏ రోజుకి బుక్ చేయమంటారని యంత్రం హుషారుగా అడిగిందట. ఇది బయటికెళ్తే పరువు పోతుంది, ఆర్నెల్లు ఆపుదామా అన్నాడు బాసు.

ఆర్నెల్లు. ఆమె నోరు మెదపకుండా ఉంటే చాలు.

కానీ ఎదురుగా చిక్కుముడి కనిపిస్తే విప్పకుండా ఉండలేదు, ఆరేళ్ళుగా ఆ పనికే జీతం తీసుకుంటోంది. "నా నోట్స్‌లో ఉంది. గొంతు తగ్గించి అలా అన్నారంటే ఆ మనిషి ఇక లేరని అర్థం, తేదీ అడగకూడదు. తీసేశానండి అని చెప్పి, వాళ్ళు ఫోన్ పెట్టేదాకా ఆగాలి. గంటలో సరిచేస్తాం."

భూతద్దం మెచ్చుకోలుగా తలూపాడు. అయితే రేపే అన్నాడు బాసు. అందరూ లేచి వెళ్ళాక గానీ ఆమెకి వెలగలేదు, వదిన ఉద్యోగాన్ని వదిన మాటతోనే తీసేసిందని.

అయిదింటికి కిందికి వెళ్ళింది. లిఫ్ట్ ఎక్కితే తొందరగా చేరిపోతానని మెట్లు దిగింది. వదినకి అంతా చెప్పింది, మీటింగులో తనేమందో కూడా దాచలేదు. వదిన కీబోర్డు సందుల్లో దుమ్ము గోటితో గీకింది.

"ఆ నలుగురిలో నేనున్నానా?"

"లేవు వదినా. జీతం తక్కువని కొత్తవాళ్ళనే ఉంచుతున్నారు."

వదిన తలూపింది. "ఇంట్లో నేను చెప్తాలే. మీటింగులో నువ్వన్న మాట మాత్రం మీ అన్నయ్య దగ్గర ఎత్తకు. ఉన్న ఒక్క చెల్లెలితో మాటలు లేకుండా పోతే ఆయన తట్టుకోలేడు."

ఇంతలో కాల్ వచ్చింది. వదిన హెడ్‌సెట్ సర్దుకుని, నమస్కారమండీ, చెప్పండి అంది. షిఫ్టు అయ్యేసరికి ఇంకా గంట ఉంది.